ఆరు స్క్రూల మీద తేలియాడే బ్రిడ్జి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రిడ్జి గారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఒక గిటారు యజమాని రాసుకుంటున్న విన్నపం.

ఎలక్ట్రిక్ గిటారు ఒంటి మీద ఆరు తీగల్నీ ఆనించుకుని కూర్చునే ఇనుప పలక తమరు. మీరు క్షేమమేనని తెలుసు. మీ క్షేమం కోసమే కదా నేను అర్ధరాత్రి సోఫా కింద అలెన్ కీ (మీ బుల్లి స్క్రూలు తిప్పే ఆరు మూలల కడ్డీ) వెతుక్కుంటున్నది. గిటారు కొనేటప్పుడు అందరూ రంగు చూశారు, తీగల చప్పుడు అందుకునే పికప్పులు చూశారు, మెడ తిన్నగా ఉందా అని ఒక కన్ను మూసి మరీ చూశారు. మీ వంక చూసినవాడు లేడు. ఆ కోపం తమరికి ఇంకా తీరినట్టు లేదు.

తమరి వంశం గొప్పదే, కాదనను. 1954లో అమెరికా గిటార్ల తయారీదారు లియో ఫెండర్, స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటారుతో పాటు మిమ్మల్ని కూడా లోకం మీదికి వదిలాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఈ ముక్క తెలిశాక మీ గురించి చాలా అనుమానాలు తీరాయి. సాడిళ్ల (ఒక్కో తీగ ఆనే బుల్లి దిమ్మల) ఎత్తు మార్చడానికి 12 స్క్రూలు, వాటిని ముందుకీ వెనక్కీ జరపడానికి 6, మిమ్మల్ని చెక్కకి పట్టి ఉంచడానికి 6, వెనక గూట్లో స్ప్రింగుల్ని లాగిపట్టే పట్టీకి 2. వెరసి 26. రాత్రి ప్రాక్టీసు చేసుకుని పొద్దున్నే ఆఫీసుకి పోవాల్సినవాడెవడైనా ఇలాంటిది కనిపెడతాడా? మీ దాయాది, ఆ గిబ్సన్ కంపెనీ ఇంటి ట్యూన్-ఓ-మాటిక్ బ్రిడ్జిని చూడండి. ఎత్తు మార్చాలంటే అటొక చక్రం, ఇటొక చక్రం. పని అయిపోయింది.

మీ దగ్గర కాపురముంటున్న ఆరు సాడిళ్లదీ అచ్చం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పద్ధతి. ఒక్క ఫ్లాటులో మేకు కొడితే మిగతా అయిదు ఫ్లాట్లూ కిందికి దిగొస్తాయి. సన్న తీగ బిగించి శ్రుతి చేస్తే తమరు ముందుకు వంగుతారు, దాంతో లావు తీగలు దిగిపోతాయి. వాటిని ఎక్కిస్తే మళ్లీ సన్నది దిగుతుంది. ఈ గొడవంతా మోసేది మాత్రం వెనక గూట్లో, చీకట్లో, మా వాచ్‌మన్ లాగా నిలబడ్డ మూడు స్ప్రింగులు. ఆరు తీగలూ కలిసి 40 కేజీలకు అటూ ఇటూగా ఒక పక్కకి లాగుతుంటే, అవి రెండో పక్కకి లాగి కాస్తాయి. మీటింగులో వాటి పేరెత్తే నాథుడు లేడు.

పెళ్లి ఆర్కెస్ట్రాలో, పాట మంచి ఊపులో ఉండగా ఒక తీగ తెగిందనుకోండి. వేరే గిటారైతే ఆ ఒక్క తీగతో పోతుంది. మీ దగ్గర లాగుడు తగ్గేసరికి స్ప్రింగులదే పైచేయి అవుతుంది, మిగిలిన అయిదు తీగలూ కూడబలుక్కున్నట్టు శ్రుతి పైకి జరుపుకుంటాయి. గాయకుడు నా వంక చూస్తాడు. నేను కీబోర్డు వాయించే అన్న వంక చూస్తాను.

ఇక ఈ ఊరి గాలి. తమరికి పడదట. ఎవరికి పడింది కనక? బీచ్ రోడ్డు వైపు కిటికీ ఉన్న ఏ ఇంట్లో చూసినా గొళ్లాలు, ఏసీ స్టాండ్లు, బాల్కనీ గ్రిల్లు, అన్నీ తుప్పే. ఒడ్డుకెక్కించిన కురుసురా జలాంతర్గామికే ఉప్పుగాలి తప్పట్లేదు, తమరెంత? దానికి నా అరచేతి చెమట కూడా తోడై, ఆ బుల్లి స్క్రూలు సాడిళ్లలో పాతుకుపోయాయి. వాటికి పట్టే కీ అయినా ఒకే కొలతా అంటే, అమెరికావాళ్ల బ్రిడ్జికి అంగుళంలో 20వ వంతుది, ఆసియా ఫ్యాక్టరీలవాటికి ఎక్కువగా 1.5 మిల్లీమీటర్లది. చిన్న కీ పెట్టి బలంగా తిప్పితే లోపలి మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఆ తర్వాత ఆ స్క్రూకి, తుప్పుకి శాశ్వత నివాస ధ్రువపత్రం ఇచ్చినట్టే. ఓ చుక్క తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేస్తే చాలావరకు కదులుతుందిగానీ, ఆ ఓపిక ఎవడికుంది?

ఓపిక లేకే తమర్ని మార్చేద్దామనుకున్నాను. ఆన్‌లైన్ షాపువాడు "అన్ని గిటార్లకూ సరిపోతుంది" అని రాశాడు. ఈ చివరి తీగ నుంచి ఆ చివరి తీగకి దూరం పాత పద్ధతి బ్రిడ్జిలో 56 మిల్లీమీటర్లు, కొత్తవాటిలో చాలావాటికి 52. అన్నిటికీ ఒకటే ఎలా సరిపోతుందో ఆ మహానుభావుడికే తెలియాలి. వచ్చినదాని రంధ్రాలు కలవలేదు. కలిసినా లాభం లేదు, దాని కింది ఇనుప దిమ్మ నా పల్చటి గిటారు వెనక నుంచి బయటికి తొంగి చూస్తోంది. స్టీల్ ప్లాంటులో రిటైరైన మా మావయ్య దాన్ని చేత్తో తూచి, "ఏటిరా ఇది, చారెడు ఇనప ముక్కకి ఇంత రేటేటి? ఏటా లచ్చల టన్నులు చూసినోడిని" అన్నాడు. తిప్పి పంపేశాను.

కాబట్టి పాత తమరితోనే రాజీ. కొత్త తీగలు వేశాను, ఎందుకంటే ముసలి తీగలతో ఎంత సర్దినా స్వరం నిలవదు. తర్వాత ఎత్తు: 17వ ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 1.6 మిల్లీమీటర్లు. మెడ పైభాగం కాస్త గుండ్రం కనక నడిమి సాడిళ్లు ఒకింత ఎత్తులో ఉండాలి, అన్నీ ఒకే వరసలో పెడితే చూడ్డానికే బాగుంటుంది. ఆ తర్వాత అసలు పరీక్ష. 12వ ఫ్రెట్ మీద తీగని ఊరికే తాకి మీటినా, నొక్కి మీటినా ట్యూనర్ ఒకే మాట చెప్పాలి. నొక్కినప్పుడు ఎక్కువ పలికితే సాడిల్ వెనక్కి, తక్కువ పలికితే మెడవైపు. జరిపే ముందు తీగ వదులు చేయాలి, జరిపాక మళ్లీ శ్రుతి, మళ్లీ పరీక్ష. ఇలా ఆరు. ఈలోగా తమరు మళ్లీ ముందుకి వంగి ఉంటారు కనక, మొదటిదాని దగ్గరికి మళ్లీ రావాలి.

ఇంత చేసింది వామీ బార్ (తమర్ని ఊపి స్వరం వణికించే కడ్డీ) పట్టుకుని ఊపడానికా అంటే, మా ఆర్కెస్ట్రాలో ఆ అవసరం పడ్డ పాటే లేదు. తమర్ని తేలనివ్వాలంటే వెనక అంచు చెక్క నుంచి 3 మిల్లీమీటర్లు లేచి ఉండాలి. ఆ వైభోగం ఎవరి కోసం? గిటారు దిగ్గజం ఎరిక్ క్లాప్టన్ అంతటివాడే తన స్ట్రాటోకాస్టర్‌లో వెనక చెక్కముక్క బిగించి బ్రిడ్జిని కదలకుండా చేసుకున్నాడు. నేనూ స్ప్రింగులు అయిదుకి పెంచి, వెనక రెండు స్క్రూలూ బిగించి, తమర్ని చెక్క మీద చదునుగా కూర్చోబెట్టేశాను. కూర్చోగానే తీగలు కిందికి దిగాయి కనక ఎత్తు మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. అది తమరి చివరి దెబ్బ అనుకుంటాను.

ఇట్లు,
తమ వశవర్తి,
ఒక గిటారు యజమాని

తా.క.: వామీ బార్ కోసం తమరు ఎదురుచూడొద్దు. మావయ్య దాన్ని కిటికీ కొక్కేనికి పెట్టి చూస్తున్నాడు, సరిపోయేలాగే ఉంది.