ఏ రాయైతేనేం అనకండి

‘ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి’ అన్న పెద్దలకు ఇంటి ముందు మట్టి తీసి సోకు రాళ్లు పరిచే ల్యాండ్‌స్కేపింగ్ తెలియదు. తెలిసుంటే అంత తేలిగ్గా మాట్లాడేవారు కాదు. తెలుపు వేరు, పాల తెలుపు వేరు. పాలిష్ పెట్టింది వేరు, దొర్లించి గుండ్రం చేసింది వేరు, క్రషర్ నుంచి పడింది పడ్డట్టు సంచికెత్తింది వేరు. దేని రేటు దానిదే. హన్మకొండలో నక్కలగుట్ట నుంచి హంటర్ రోడ్డు దాకా కొత్తగా లేచిన ఇళ్ల ముందు ఎక్కడైనా ఉత్త మట్టి కనబడిందంటే, పాపం ఆ ఇంటాయన ఈఎంఐలతో ఇబ్బంది పడుతున్నట్టున్నాడని వాకింగ్‌కు వెళ్లేవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు. కనుక ఇది నవ్వి వదిలేసే విషయం కాదు.

ముందుగా మన ప్రాంతంలో రాళ్లకు ఎంత కరువుందో గమనించాలి. ఖిలా వరంగల్‌లో ఏకశిల గుట్ట, ఊళ్లో గోవిందరాజుల గుట్ట, హన్మకొండలో పద్మాక్షి గుట్ట, మడికొండలో మెట్టుగుట్ట. ఇవి పోను మిగిలినదంతా దాదాపు రాయే. కరీంనగర్ వైపు వెళ్తే సగం కొరికి వదిలేసిన గుట్టలు కనిపిస్తాయి. కొరికిన సగం టాన్ బ్రౌన్ గ్రానైట్ అనే పేరు పెట్టుకుని రైలెక్కి, ఓడెక్కి చైనా చేరింది. మన దగ్గర ఇంత ఎద్దడి ఉంది కాబట్టే రాజస్థాన్ పాలరాతి ముక్కలు లారీలెక్కి మన వాకిళ్లకు రావలసి వస్తోంది. మన గుట్ట వాళ్లకు, ఎవరి గుట్టో మనకు. ఈ ఏర్పాటులో అందరూ బాగుపడ్డారు, గుట్ట తప్ప.

ఇక కొనుగోలు. దుకాణంలో గంపల నిండా రాళ్లు పోసి ఉంటాయి. యజమాని ఒక పిడికెడు తీసి మన అరచేతిలో పెట్టి, సీసాతో రెండు చుక్కల నీళ్లు చల్లుతాడు. “చూడుండ్రి సార్, ఎట్ల మెరుస్తున్నదో! ఇంపోర్టెడ్ మాల్.” తడిస్తే రైలు పట్టాల కింది కంకర కూడా మెరుస్తుంది. కానీ ఆరిన రాయి చూపించమని అడిగితే మనకు రాళ్ల గురించి ఏమీ తెలియదని అతనికి తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ అడగరు. ఇదే ఊళ్లో ఎనుమాముల మార్కెట్లో రైతు పత్తి తెస్తే, తేమ 8 శాతం దాటిందని మీటరు పెట్టి మరీ ధర కోస్తారు. తడిపి అమ్మినా కోత లేని సరుకు తెలంగాణలో ఇదొక్కటే.

తూకం కూడా పత్తి తూకమే. వంద చదరపు అడుగుల జాగాలో రెండంగుళాల మందాన పోయాలంటే పదహారు, పదిహేడు ఘనపుటడుగులు కావాలి. అంటే ఏడు క్వింటాళ్లకు పైనే. రెండంగుళాల కంటే పలచగా పోస్తే కింది నేల కనబడి పరువు పోతుంది. ఇన్ని రాళ్లకు చోటు కావాలంటే ముందు మట్టి తవ్వి ట్రాక్టర్‌కెత్తాలి. “గంత మంచి మన్ను పారబోసి రాళ్లు పోసుకుంటరారా కొడుకా?” అని ఇంట్లో ముసలమ్మ అడుగుతుంది. ఆమెకు ఓపిగ్గా నచ్చజెప్పాలి. మట్టి కావలసి వస్తే నర్సరీలో ప్లాస్టిక్ సంచుల్లో దొరుకుతుంది కదా, కుండీలకు అదే కొంటాం.

డిజైనర్ గారు దీన్ని జపాన్ స్టైల్ అంటారు. నిజమే, క్యోటోలో ర్యోఆన్‌జి అనే గుడి ఉంది. తెల్ల కంకర పరిచి, దంతెతో గీతలు గీసి, మధ్యలో 15 రాళ్లు పెట్టారు. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా వాటిలో ఒకటైనా కంటికి చాటుగానే ఉంటుంది. అయితే క్యోటో తోటల్లో పేరుపడ్డ ఆ తెల్ల కంకర అక్కడి షిరకావ వాగు పక్కన, దగ్గరి కొండల గ్రానైట్ అరిగితే వచ్చింది. అంటే వాళ్లు పెరటి రాయి తెచ్చుకుని ముంగిట్లో పరుచుకున్నారు. మనం జపాన్‌ను అక్షరాలా అనుసరించాలంటే ఊరవతల క్రషర్‌కు పోయి బూడిదరంగు బేబీ చిప్స్ తెచ్చుకోవాలి. పైగా కోణాలున్న ఆ చిప్స్ ఒకదాన్నొకటి పట్టుకుని కాలి కింద కదలవు. గుండ్రటి గులకరాయి దొర్లుతుంది, మనల్నీ దొర్లిస్తుంది. ఈ మాట డిజైనర్ ముందు అని చూడండి. “సార్, అది స్లాబుకేసే కంకర,” అని మీవైపు జాలిగా చూస్తాడు.

పరిచిన మొదటి నెల బాగుంటుంది. ఫొటోలు ఆ నెలలోనే తీసుకోవాలి. తర్వాత ఎదురింటి వేపచెట్టు ఆకు రాలుస్తుంది. చీపురుతో ఊడిస్తే ఆకుతో పాటు రాళ్లూ గేటు దాటుతాయి. కాబట్టి కూర్చుని ఒక్కొక్క ఆకూ చేత్తో తీయాలి. మన ఆడవాళ్లు తరతరాలుగా బియ్యంలో రాళ్లేరారు. ఇప్పుడు మిల్లు బియ్యం వచ్చి ఆ పని తప్పింది కనుక, రాళ్లలో ఆకులేరుతున్నారు.

వానాకాలం వచ్చేసరికి నీడ పట్టున ఉన్న రాయి పాచిపట్టి పచ్చగా మారుతుంది. కారు టైర్లతో వచ్చిన ఎర్రమట్టి మిగతాదాన్ని చూసుకుంటుంది. అప్పుడు ఎవరో ఒకరు బాత్రూమ్ యాసిడ్ సలహా ఇస్తారు. పోయగానే బుసబుస నురగ. “చూశావా, మురికంతా ఎలా పొంగి పోతోందో!” అని ఇంటాయన మురిసిపోతాడు. పోతున్నది రాయి. పాలరాయి అంటే సున్నపు సరుకు, యాసిడ్ పడితే కరుగుతుంది. దుకాణంలో అసలు పాలరాయే ఇచ్చారని నిరూపించుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు. ఆ సున్నమే వాననీటితో మెల్లగా మట్టిలోకీ దిగుతుంది. పక్కనున్న నూరువరహాల చెట్టుకు అది పడదు. మట్టిలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందనుకుని గుమ్మడికాయ కడతారు.

అన్యాయంగా మాట్లాడకూడదు, కంకరలో ఒక సుగుణముంది. దాని సందుల్లోంచి వాన నీళ్లు భూమిలోకి ఇంకుతాయి. అందుకే మనవాళ్లు ముందుజాగ్రత్తగా కింద నాలుగంగుళాల కాంక్రీటు పోసి, దానిపైన రాళ్లు పరుస్తున్నారు. 2020 ఆగస్టు వానలకు నయీంనగర్ నాలా పొంగి కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు, ఇన్ని నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయని అందరం ఆశ్చర్యపోయాం.

అసలు మేలు చెప్పడం మరిచాను, కోతులు. హన్మకొండలో జామచెట్టు పెంచడమంటే కోతుల మందకు క్యాంటీన్ నడపడమే. పిందె దశలోనే లెక్క తేల్చేస్తాయి. రాళ్లనైతే అవి తినవు. ఒకటి తీసి, వాసన చూసి, కొరికి, మనకంటే తెలివిగా అవతల పారేస్తాయి. పారేసిన చోట కారు అద్దం ఉంటే అది వేరే సంగతి.

ఎండల సంగతి ఎక్కువ చెప్పను. 44 డిగ్రీలు తాగిన రాయి రాత్రి పదింటి దాకా ఆ వేడి కక్కుతూనే ఉంటుంది. దానికి మందుగా ఏసీ ఉండనే ఉంది.

అన్నిటికంటే పెద్ద శత్రువు కలుపు. కాంక్రీటు పోయనివాళ్లు రాళ్ల కింద షీటు పరుస్తారు. గాలీ నీరూ దిగే గుడ్డ షీటు కొనమంటే ఖరీదని పలచటి ప్లాస్టిక్ వేస్తారు. తుంగ దాన్ని సూదిమొనలాంటి మొలకతో పొడుచుకుని పైకొస్తుంది. షీటును పొడవలేని గింజలు పైన రాళ్ల మధ్య చేరిన దుమ్ములోనే మొలుస్తాయి. అందులో గునుగు కూడా ఉంటుంది. భాద్రపదంలో కూలి మనిషిని పెట్టి దాన్ని వేళ్లతో సహా పీకించి, చెత్త బండికి ఎత్తిస్తారు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస రోజు పొద్దున్నే అదే ఇంటాయన కారేసుకుని మార్కెట్‌కు పోయి, “గునుగు కట్ట ఎంతకిస్తవు అవ్వా?” అని బేరమాడుతుంటాడు.

తెచ్చాక సాయంత్రం ఇంకో చిక్కు. గులకరాళ్ల మీద బతుకమ్మ నిలవదు, ఒక పక్కకు ఒరుగుతుంది. చెప్పులు విడిచి చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టాలంటే ఆ రాళ్లు అరికాళ్లకు గుచ్చుకుంటాయి. అందుకని వాడకట్టు ఆడవాళ్లంతా పక్కనున్న ఖాళీ ప్లాటులో, పిచ్చిమొక్కలు కొట్టించిన మట్టి నేలమీద ఆడుకుంటున్నారు. ప్లాటు ఓనరు అమెరికాలో ఉంటాడు. వచ్చే ఏడు ఇల్లు మొదలుపెడతాడట. ఎలివేషన్ బొమ్మ అప్పుడే కాలనీ వాట్సాప్‌లో తిరుగుతోంది, గేటు నుంచి మెట్ల దాకా తెల్ల రాళ్లే.