సవరణ: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగాల పెరుగుదల లెక్కపై

2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగాలు పెరిగిన తీరుపై ఇంతకుముందు ప్రచురించిన వ్యాసంలో సచివాలయ నియామకాలు, ఆర్టీసీ విలీనం, వాలంటీర్ల వ్యవస్థ ఒకే మొత్తంగా కనిపించాయి. వాటిని విడివిడిగా చూడాలి.

2019 అక్టోబరు 2న ప్రారంభమైన గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా పోస్టులు కొత్తగా మంజూరై, రాతపరీక్ష ద్వారా భర్తీ అయ్యాయి గనుక వాటిని కొత్త ఉద్యోగాలనడం సబబే. ఆర్టీసీ సంగతి వేరు: 2020 జనవరి 1న ప్రజా రవాణా శాఖలోకి వచ్చిన సుమారు 52 వేల మంది అప్పటికే సంస్థలో పనిచేస్తున్నవారే. వారికి ప్రభుత్వోద్యోగి హోదా దక్కడం ఎంతో విలువైనదే గానీ, ఆ విలీనం వల్ల నిరుద్యోగులకు కొత్త కొలువులేమీ రాలేదు.

నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంపై పనిచేసిన వాలంటీర్లను ఈ లెక్కలో అసలు చేర్చకూడదు. పింఛను గాని, పదోన్నతి గాని లేని ఆ యువతీయువకులను ఉద్యోగులుగా చూపితే వారి అభద్రత అంకెల చాటున కనుమరుగవుతుంది. అది వారికి అన్యాయం.

2022 జనవరి నుంచి పదవీ విరమణ వయసు 60 నుంచి 62 ఏళ్లకు పెరిగినందువల్ల, ఆపై రెండేళ్లు విరమణలు తగ్గి, ఖాళీలు ఏర్పడడం కూడా మందగించిందని గమనించాలి.