గోడ మీద పేరు, పొలంలో పైపు

అనంతపురంలో జరిగిన వాదోపవాదం ఇది. బిందు సేద్యానికి రాయితీ పొందిన రైతుల పేర్లను, మొత్తాలతో సహా గ్రామ సచివాలయం గోడ మీద రాయాలా వద్దా అన్నది విషయం. రాయాలన్నది ఒక న్యాయవాది. వద్దన్నది కళ్యాణదుర్గం వైపు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉన్న రైతు.

న్యాయవాది: అన్నా, నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు. రాయితీ పథకాలకు కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వం ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షనే చెబుతోంది. మన జిల్లాకు ఇది పరాయి సంగతీ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే మొదలైంది. అందులో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి అందిందో సామాజిక తనిఖీలో ఊరందరి ముందూ చదువుతారు. మట్టి మోసిన కూలీ పేరు చదవడానికి లేని మొహమాటం తోట ఉన్న రైతు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు?

(వెనక వరుసల్లో చప్పట్లు మోగాయి. రైతు కూడా తల ఊపాడు.)

రైతు: న్యాయమైన ప్రశ్నే తల్లీ. అయితే కూలీ డబ్బు కూలీ ఖాతాలో పడుతుంది, నా రాయితీ నా ఖాతాలో పడలేదు. నేను పది శాతం వాటా కట్టాను, మిగిలిన తొంభై శాతం ప్రభుత్వం కంపెనీకి చెల్లించింది. నాకు కనబడినవి పైపుల చుట్టలు, ఒక ఫిల్టరు, దాని పక్కన నన్ను నిలబెట్టి తీసిన ఫొటో, అంతే. రెండో ఎండాకాలానికే చెట్ల వరుసల వెంట పరిచిన సన్నటి లేటరల్ పైపులను ఉడతలు కొరికాయి, చుక్కలు చుక్కలుగా నీరు వదిలే డ్రిప్పర్లు ఉప్పునీటికి పూడుకుపోయాయి. బాగుచేయమని ఎన్నిసార్లు ఫోన్ చేసినా మనిషి రాలేదు. ఇప్పుడు గోడ మీద నా పేరుకు ఎదురుగా అంత పెద్ద అంకె వేస్తే, అది నా చేతికే వచ్చిందనుకుని అప్పిచ్చినవాడు మర్నాడే గడప తొక్కుతాడు. ఐరోపాలోనూ ఇదే తగవు వచ్చింది. సాయం అందుకున్న రైతుల పేర్లను తారతమ్యం చూడకుండా బయట పెట్టడం హద్దు మీరడమేనని అక్కడి న్యాయస్థానం 2010లో చెప్పింది, సంస్థల పేర్లకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు.

న్యాయవాది: ఆ తర్వాతి కథ కూడా చెప్పాలి కదన్నా. మూడేళ్లకు వాళ్లు నిబంధనను తిరగరాసి, చిన్న మొత్తాలు పొందినవారిని మాత్రం తప్పించి మిగిలినవారి పేర్లు మళ్లీ ప్రకటించారు. అమెరికాలో నేల కోత ఆపడానికి భూమిని పంట వేయకుండా వదిలే రైతుకు 1985 నుంచి ప్రభుత్వం అద్దె చెల్లిస్తోంది. అక్కడి 2008 నాటి చట్టం పొలం వివరాలను గోప్యంగా ఉంచింది కానీ చెల్లించిన మొత్తాన్ని దాచమనలేదు. మీ ఫోన్ నంబరూ ఆధార్ నంబరూ గోడకెక్కాలని నేనూ అనను. కానీ పేరే లేకపోతే, బిల్లులో ఉండి పొలంలో లేని డ్రిప్పును పట్టుకునేదెవరు?

(నా మటుకు నాకు ఈ మాటే బరువుగా తోచింది. బిల్లు ఆఫీసులో ఉంటుంది, పైపు ఉందో లేదో పక్క పొలంవాడికే తెలుస్తుంది.)

రైతు: సరే, రాయండి. నా పేరు పక్కనే కంపెనీ పేరు, ఎన్ని మీటర్ల పైపు ఇచ్చిందో, తనిఖీకి ఎవరు ఏ తేదీన వచ్చారో కూడా రాయండి. టేపు పట్టుకుని నేనే కొలిచి చూపిస్తాను.

న్యాయవాది: అంతవరకూ మనకు పేచీ లేదు.

రైతు: ఉంది తల్లీ. మా పక్క తోట పట్టాదారు బెంగళూరులో ఉంటాడు. పట్టాదారు పాసుపుస్తకం అతనిది కాబట్టి గోడ మీద పడేది అతని పేరే. పూడిన డ్రిప్పర్లను పిన్నుతో పొడిచి చెట్లు బతికించేది కౌలుదారు. అతని పేరు ఏ గడిలో రాస్తారు?

న్యాయవాది: ఇప్పుడున్న పట్టికలో ఆ గడి లేదన్నా.