గుమ్మం దగ్గర గణపరీక్ష

ఛందస్సు గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాసుకోవడానికి ఒక సొంత వెబ్‌సైటు పెట్టుకున్నాను. మనుషుల్లో దానికి ఎంత ఆదరణ ఉందో చెప్పుకోవడం మర్యాద కాదు గాని, యంత్రాల్లో నాకున్న పలుకుబడి మాత్రం సామాన్యమైనది కాదు. యతిమైత్రి మీద వ్యాసం పెట్టిన అరగంటలోనే 17 మంది "అద్భుతమైన సమాచారం, మా కుటుంబమంతటికీ నచ్చింది" అని అక్షరం పొల్లు పోకుండా ఒకే మాట రాసి, బూట్ల దుకాణానికీ, బట్టతల మందుకూ, పూచీకత్తు అడగని అప్పుకూ దారి చూపించి మరీ సెలవు తీసుకున్నారు. ఇంట్లోవాళ్లు సైతం చివరిదాకా చదవని వ్యాసానికి ఇంతటి అభిమానం దక్కితే, దాన్ని కాదనడం కృతఘ్నత కాదా అని కొన్నాళ్లు తటపటాయించాను.

ఆ పొగడ్త నాకోసం కాదని తెలిసినవారు తేల్చి చెప్పారు. ఒక చిరునామాకు ఎన్ని చోట్ల నుంచి లింకులుంటే శోధన యంత్రాలు దానికి అంత పెద్దపీట వేస్తాయి కనుక, వాళ్లకు కావలసింది నా గోడ మాత్రమేనట. దీనికి విరుగుడుగా 2005లోనే గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 'నోఫాలో' అనే గుర్తును అమల్లోకి తెచ్చాయి. ఆ గుర్తు తగిలించిన లింకు వల్ల ఎవరి పరపతీ పెరగకూడదన్నది అప్పటి ఏర్పాటు. "ఇచ్చట పోస్టర్లు అంటించరాదు" అన్న రాత మన ఊళ్లలో ఎన్ని పోస్టర్ల కింద కప్పబడి ఉంటుందో చూసినవారికి, ఈ గుర్తు సాధించిన విజయాన్ని వేరే వర్ణించనక్కరలేదు.

పిమ్మట క్యాప్చాను ఆశ్రయించాను. 2000 ప్రాంతంలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఈ పరీక్షలో, తాను మనిషినేనని మనిషి యంత్రం ముందు రుజువు చేసుకోవాలి. 2007లో వచ్చిన రీక్యాప్చా ఆ శ్రమను కూడా వృథా పోనివ్వక, న్యూయార్క్ టైమ్స్ పాత సంచికల్లో యంత్రాలకు అంతుపట్టని మాటలను మనచేత చదివించుకుంది. వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఆపి ముందు పిండి రుబ్బించుకున్నారన్నమాట. అసలు ఆపవలసిన యంత్రాలేమో, చిల్లర డబ్బులకు ఈ చిక్కుముళ్లు విప్పిపెట్టే మనుషులను కూలికి పెట్టుకుని దర్జాగా లోపలికి వచ్చాయి. బొమ్మల క్యాప్చాలో, అమెరికా వీధుల్లో మంటలార్పే నీటికోసం ఉండే ఫైర్ హైడ్రెంట్ ఏ గడిలో ఉందో చూపమంటే, జన్మలో దాని మొహం చూడని మా పెదనాన్నగారు అరగంట పరిశీలించి, బహుశా తాను మనిషి కాదేమోనన్న అనుమానంతో విరమించుకున్నారు.

కంటికి కనబడని ఖాళీ గడి ఒకటి ఫారంలో దాచి, దాన్ని నింపినవారిని యంత్రాలుగా లెక్కగట్టే పద్ధతి కూడా ఉంది. గడి ఉంటే చాలు నింపేయడం యంత్రాల అలవాటు. దరఖాస్తులు నింపీ నింపీ మనకూ అదే అలవాటైంది కాబట్టి, అది మన కంట పడకపోవడమే మంచిది.

చివరకు సొంత కాపలాదారును నిలబెట్టాను. "కంద పద్యంలో ఆరవ గణం ఏది?" అన్న ప్రశ్నకు "జగణం" అని జవాబు రాసినవారి వ్యాఖ్యకే ప్రవేశం. మూడు నెలల పాటు ఒక్క యంత్రమూ గుమ్మం దాటలేదు. మనుషుల సంగతి అడగవద్దు. మా బావమరిది ఫోన్ చేసి, "బాగుందని ఒక ముక్క రాద్దామంటే మళ్లీ పదో తరగతి పరీక్షకు కూర్చోబెడుతున్నారేమిటి బావగారూ?" అని వాపోయాడు. ఆరవ గణం తెలియనివారి మెప్పు నాకు అక్కరలేదని గంభీరంగా సెలవిచ్చాను.

గత వారం ఒకరు గుమ్మం దాటారు. జవాబు సరిగ్గానే రాసి, ఆ స్థానంలో నలము, అంటే నాలుగు లఘువుల గణం, కూడా చెల్లుతుందనీ, కనుక ఒక్క జవాబునే ఒప్పుకోవడం దోషమనీ ఎంతో వినయంగా విన్నవించి, కింద బూట్ల దుకాణం చిరునామా ఇచ్చారు. లక్షణ గ్రంథం తెరిచి చూశాను. నిజమే. దుకాణం చిరునామాను చెరిపివేసి, సవరణకు కృతజ్ఞతలు తెలిపి, యతి మీద నాకు చాలాకాలంగా ఉన్న సందేహం ఒకటి ఆ వ్యాఖ్య కిందనే అడిగాను.