బ్లియోమైసిన్ చిట్టెలుకకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్రయోగశాల చిట్టెలుక గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగాల్సిన పనే లేదనుకోండి. బ్లియోమైసిన్ అనే క్యాన్సర్ మందుతో మీ ఊపిరితిత్తుల్లో మచ్చలు పడేలా చేసి, ఆస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్ (ఎరుపు-పసుపు రంగునిచ్చే సహజ పదార్థం) పట్టిస్తే ఆ మచ్చలు తగ్గాయి. అదే జాతికి చెందిన లైకోపీన్‌కూ, కుంకుమపువ్వులోని క్రోసిన్‌కూ మీ దాయాది పెద్ద ఎలుక గారు తేరుకున్నారు. మనుషులకు మాత్రం ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చపడే జబ్బు) వస్తే పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ లాంటి మందులే గతి. 2014లో అమెరికాలో అనుమతి పొందిన ఆ రెండూ జబ్బును నెమ్మదింపజేస్తాయి గానీ పడ్డ మచ్చను చెరపలేవు. మీకున్న అదృష్టం మాకేదీ?

అదృష్టం కాదు లెండి, తారీఖుల మహిమ. శ్వాసనాళంలో ఒక్క డోసు బ్లియోమైసిన్ పడితే మొదటి వారం ప్రధానంగా వాపే. ఆ తర్వాత టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ ఉసిగొల్పగా ఫైబ్రోబ్లాస్టులనే కణాలు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి, మచ్చకు ముడిసరుకైన కొలాజెన్ పేరుస్తాయి. 14 నుంచి 21 రోజులకు మచ్చ బాగా ముదురుతుంది. కెరోటినాయిడ్ మీ గొంతులో పడేది ఎప్పుడు? చాలాసార్లు మొదటి రోజునే, లేదా అంతకు ముందే. ఇంకా పడని మచ్చను మాన్పడం ఎంత సులువో!

పైగా బ్లియోమైసిన్ దెబ్బ కొట్టేదే ఇనుము, ఆక్సిజన్‌ల సాయంతో పుట్టే ఫ్రీ రాడికల్స్‌తో. వాటిని ఆర్పడమే కెరోటినాయిడ్ల పని. అంటే దెబ్బ తగలకముందే అడ్డుపడి, గాయం మాన్పామని బిల్లు వేస్తున్నారు. మా రోగి ఎవరూ బ్లియోమైసిన్ తాగి ఆసుపత్రికి రారండీ. ఆయనకు అరవై దాటి ఉంటుంది, మచ్చ ఎప్పటినుంచో ఉంటుంది. తమరేమో రెండు మూడు నెలల కుర్రవారు. మందే ఇవ్వకపోయినా కొన్ని వారాల్లో చాలావరకు తేరుకుంటారు.

ఇక మోతాదు. మీకు కిలో బరువుకు 25 మిల్లీగ్రాముల ఆస్టాజాంథిన్ ఇచ్చారనుకుందాం. చిట్టెలుక మోతాదును మనిషి మోతాదుగా మార్చే శరీర ఉపరితల లెక్కన 12.3తో భాగిస్తే, 60 కిలోల మనిషికి రోజుకు 122 మిల్లీగ్రాములు. బజారులో దొరికే 4 మిల్లీగ్రాముల గుళికలైతే ముప్ఫై! డబ్బా మీద మాత్రం మీ ఫలితమే, రోజుకొక్క గుళికే.

సహజమైనదే కదా, పోయేదేముంది అంటారా? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఇదీ కెరోటినాయిడే) ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. ఆ సంగతి డబ్బా మీద రాయరు.

కనుక మా విన్నపాలు. ఈసారి ఏడాదిన్నర దాటిన పెద్దవారిని పంపండి. వారి మచ్చ అంత తొందరగా కరగదు. మందు 14వ రోజుకు ముందు ముట్టుకోవద్దు. ఆస్టాజాంథిన్ నీళ్లలో కరగదు, నూనెలో కలపాలి. అదే నూనె అంతే కొలతలో, మందు కలపకుండా, పోలిక కోసం ఉంచిన పక్క బోనులోని వారికీ పట్టించాలి. కలిపినది వెలుతురుకు, గాలికి చెడిపోతుంది, ముదురు సీసాలో చల్లగా ఉంచమనండి. మచ్చ మీ ఊపిరితిత్తిలో ఒక చోట ఉండి ఒక చోట ఉండదు, అందువల్ల అందమైన ఒక్క ముక్కకు ఫొటో తీసి సరిపెట్టొద్దు. మొత్తం ఊపిరితిత్తిలో, కొలాజెన్ ఎంత పేరుకుందో చెప్పే హైడ్రాక్సీప్రోలిన్ కొలవాలి. మధ్యలో కాలం చేసిన మీ సోదరులను లెక్కలోంచి తీసేయకండి, బతికినవారితోనే సగటు కడితే ఏ మందైనా సంజీవనే.

ఇట్లు,
ఏ స్లైడు ఎవరిదో చెప్పకుండా ఇస్తేనే మచ్చ తీవ్రతకు యాష్‌క్రాఫ్ట్ మార్కులు వేసే
మీ పరీక్షకులు