సిరా పక్షాన ఒక మనవి

వ్యాపార పత్రాల మీద ఎలక్ట్రానిక్ సంతకం చెల్లుతుందా, చెల్లదా అన్న ప్రశ్నకు ప్రపంచంలోని చాలా దేశాల చట్టాలు పాతికేళ్ల కిందటే జవాబు చెప్పేశాయి. చెల్లుతుంది. జవాబు ఇంత స్పష్టంగా ఉన్నా ప్రశ్నను ఇప్పటికీ చావనివ్వకుండా కాపాడుతున్న ఘనత మాత్రం మావంటి సిరా పక్షపాతులకే దక్కాలి. చట్టాలు మారాయి, తీర్పులు వచ్చాయి, మేము మాత్రం చలించలేదు. ఆ నిశ్చలత్వానికి గల హేతువులను, ఎవరూ అడగకపోయినా, సవినయంగా విన్నవించుకోవడం మా ధర్మమని భావిస్తున్నాము.

ముందుగా మా ఆచారాన్ని వివరించాలి. ఒప్పందం కంప్యూటరులోనే పుడుతుంది, మెయిల్‌లోనే ఇరుపక్షాల మధ్య తిరుగుతుంది, దాని సవరణలన్నీ తెర మీదే జరుగుతాయి. అంతవరకు దానికి ఏ మైలా అంటదు. సంతకం ఘడియ వచ్చేసరికి మాత్రం నలభై పేజీలూ ప్రింటు తీసి, ప్రతి పేజీ అడుగున పొట్టి సంతకం, చివరి పేజీలో పూర్తి సంతకం పెట్టి, రబ్బరు స్టాంపు వేసి, మొత్తాన్ని స్కాన్ చేసి, తిరిగి పీడీఎఫ్‌గా మార్చి, వచ్చిన దారినే మెయిల్‌లో పంపుతాము. అవతలివారు దాన్ని ప్రింటు తీసి, తమ సంతకాలు చేర్చి, స్కాన్ చేసి మాకు పంపుతారు. ఈ క్రతువు పూర్తయ్యాక ఇద్దరి దగ్గరా మిగిలేది ఒక ఎలక్ట్రానిక్ ఫైలు, అందులో సిరా తాలూకు ఛాయాచిత్రం. రెండు పక్షాల అసలు సిరా ఒకే కాగితం మీద కలిసి ఉన్న ప్రతి ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. ఎలక్ట్రానిక్ సంతకాలన్నింటిలోకి ఇదే బలహీనమైన రకమని, ఆ బొమ్మను కత్తిరించి వేరే పత్రం మీద అతికించడం ఎవరికైనా రెండు నిమిషాల పని అని తెలిసినవారు చెబుతుంటారు. చెప్పనివ్వండి. స్కానరులో పడిన సంతకానికి వచ్చే ఆ కాస్త వంకర, అంచున ఆ నల్లటి గీత, ఏ గణితశాస్త్రం ఇవ్వగలదు?

న్యాయస్థానాలు మొదటి నుంచీ మా పక్షాన లేవన్న సంగతిని దాచడం భావ్యం కాదు. నోటిమాటతో అబద్ధపు ఒప్పందాలు సృష్టించేవారి ఆట కట్టించడానికి ఇంగ్లండు 1677లో ఒక చట్టం చేసి, కొన్ని రకాల ఒప్పందాలకు రాతపూర్వక ఆధారం, దాని మీద సంతకం ఉండాలంది. అది మాకు స్వర్ణయుగం కావలసింది. కానీ న్యాయమూర్తులు ఆ తరవాత పొడి అక్షరాలూ చాలునన్నారు, ఇంటూ గుర్తూ చాలునన్నారు, అచ్చు వేసిన పేరూ చాలునన్నారు. తంతి వచ్చిన కొత్తలో, 1869లో, అమెరికాలోని న్యూహాంప్‌షైర్ న్యాయస్థానం మరీ హద్దు దాటింది. తంతి ఆపరేటరు మామూలు ఉక్కు కలంతో రాసినా, వెయ్యి మైళ్ల రాగితీగనే కలంగా చేసుకుని రాసినా తేడా ఏమీ లేదని తేల్చింది. వెయ్యి మైళ్ల కలాన్ని జేబుకు తగిలించుకోవడం ఎలాగో మాత్రం ఆ తీర్పులో లేదు.

తరవాతి పతనం వేగంగా జరిగింది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 1996లో ఎలక్ట్రానిక్ వాణిజ్యానికి ఒక నమూనా చట్టం తయారుచేసి, సంతకం పెట్టినవారు ఎవరో తెలియాలి, పత్రంలోని విషయానికి వారు సమ్మతించారని తెలియాలి, అందుకు వాడిన పద్ధతి ఆ సందర్భానికి తగినంత నమ్మదగినదై ఉండాలి, అంతకు మించి అక్కర్లేదంది. చేతివాటం, అక్షరాల ఒంపు, పేరు కింద గీసే ఆ పొడుగాటి గీత, వీటిలో ఒక్కదాని ప్రస్తావన కూడా లేదు. ముప్పై ఏళ్లుగా మనం సాధన చేసిన సంతకంలో చట్టానికి కావలసింది మన ఉద్దేశం ఒక్కటేనట!

అమెరికా 2000 సంవత్సరంలో దీనికి జాతీయ చట్టం చేసింది. ఆ జూన్ 30న ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆ బిల్లు మీద కలంతోనూ సంతకం చేశారు, స్మార్ట్‌కార్డుతో ఎలక్ట్రానిక్‌గానూ చేసి చూపించారు. అందుకు వాడిన పాస్‌వర్డు ఆయన కుక్క పేరు, బడ్డీ. అది ఆనాడే లోకమంతటికీ తెలిసిపోయింది. ఎలక్ట్రానిక్ సంతకాన్ని గట్టెక్కించే చట్టం కూడా సిరాను వదులుకోలేకపోయిందన్న విషయాన్ని మా పక్షం నేటికీ గర్వంగా చెప్పుకుంటుంది. పాస్‌వర్డు విషయంలో మేము వ్యాఖ్యానించము. అప్పటి నుంచి ఇప్పటివరకు ఆఫీసులలో ఆ పద్ధతి పెద్దగా మారలేదు.

భారతదేశపు సమాచార సాంకేతిక చట్టం కూడా ఆ ఏడాదే, అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. మొదట అది ఒకే రకపు డిజిటల్ సంతకాన్ని గుర్తించింది. 2008లో చేసిన సవరణతో ఇతర ఎలక్ట్రానిక్ సంతకాలకూ తలుపు తెరిచింది, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టివేయరాదని 10ఏ సెక్షను చేర్చింది. ఐరోపా సమాఖ్య 2014లో చేసిన నిబంధన 2016 జులై 1 నుంచి అమలవుతోంది. అందులో సంతకాలకు మూడు అంతస్తులున్నాయి. కింది అంతస్తులోనిదైనా సరే, ఎలక్ట్రానిక్ అన్న కారణం ఒక్కటే చూపి తోసిపుచ్చకూడదు. పై అంతస్తులోనిది చేతిరాత సంతకంతో సరిసమానం. ఇక మన సుప్రీంకోర్టు 2010లో ఒక ఖనిజ సరఫరా వివాదంలో, మెయిళ్లలో బేరం కుదిరితే ఒప్పందం కుదిరినట్టే, లాంఛనంగా రాసుకున్న పత్రం మీద సంతకాలు పడలేదన్న కారణంతో అది చెల్లకుండా పోదని చెప్పింది. అంటే చాలా ఒప్పందాలకు అసలు సంతకమే తప్పనిసరి కాదన్నమాట. ఈ వాక్యాన్ని మా సభ్యులకు నెమ్మదిగా, మంచినీళ్లు పక్కన పెట్టి చదివి వినిపించవలసి వచ్చింది.

ఇంతటితో ఆగి ఉంటే సహించేవాళ్లం. ఇంగ్లండులో 2019లో ఒక న్యాయమూర్తి, మెయిల్ అడుగున దానంతటదే చేరే పేరు, హోదా, ఫోను నంబరు గల ఆ నాలుగు వరుసలను కూడా సంతకమేనన్నారు. అదే ఇంగ్లండులో 2006లో మాత్రం, మెయిల్ నెత్తిన దానంతటదే వచ్చే చిరునామా సంతకం కాదన్నారు. కాబట్టి బాధ్యత తప్పించుకోదలచినవారు తమ పేరును పైన ఉంచుకుని అడుగున ఖాళీ వదలడం ఉత్తమం.

కెనడా వ్యవహారం ఇంకా దారుణం. సస్కాచెవాన్ రాష్ట్రంలో ధాన్యం కొనే సంస్థ ఒకటి 2021లో అవిసెల ఒప్పందాన్ని ఫోటో తీసి, ధ్రువీకరించమంటూ ఒక రైతు ఫోనుకు పంపింది. రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పంపాడు. సరుకు రాలేదు, ఈలోగా ధర పెరిగింది, వివాదం కోర్టుకెక్కింది. పత్రం అందిందని చెప్పడానికే ఆ వేలు ఎత్తానని రైతు వాదించాడు. అంతకు ముందు ఇలాంటి ఒప్పందాలకు అతను ‘సరే’ వంటి పొట్టి జవాబులు పంపి, సరుకు కూడా సక్రమంగా పంపిన చరిత్ర ఉండడంతో, ఈ వేలు కూడా సంతకమేనని 2023లో కోర్టు తేల్చి, 82 వేల కెనడా డాలర్లకు పైగా చెల్లించమంది. 2024లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. చదువురాని వాడి వేలిముద్రను దశాబ్దాలుగా చిన్నచూపు చూసిన మనం, చదువుకున్నవారి బొటనవేలు ఇంత ఖరీదైన రోజు చూడవలసి వచ్చింది.

అయితే ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. దీన్ని మా వ్యతిరేకులు తమకు అనుకూలంగా వాడుకుంటారని తెలిసినా చెప్పక తప్పదు. సంతకం చెల్లడం వేరు, రుజువు కావడం వేరు. చట్టం ఇచ్చేది మొదటి హామీ మాత్రమే: ఎలక్ట్రానిక్ అన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకండి అని. రేపు అవతలివారు ‘ఆ సంతకం నాది కాదు’ అంటే వారిదేనని చూపవలసిన బాధ్యత, సామాన్యంగా, దాని మీద ఆధారపడినవారిదే. తెర మీద వేలితో గీసిన వంకర గీతకు, పెట్టెలో టిక్కు కొట్టిన గుర్తుకు, ఆ వేలు ఎవరిదో చెప్పే సాక్ష్యం బయటి నుంచి రావాలి: ఏ మెయిల్‌కు లింకు వెళ్లింది, ఏ ఫోనుకు ఓటీపీ వచ్చింది, ఏ క్షణంలో ఎక్కడి నుంచి తెరిచారు అన్న చిట్టా. సిరాకూ ఈ బెడద ఉన్నదే, చేతిరాత నిపుణుల ఉపాధి దాని మీదే నడుస్తోంది కదా అంటారు. నిజమే. కానీ సిరా విషయంలో నిపుణులిద్దరు వచ్చి రెండు రకాలుగా చెబుతారు, కేసు హాయిగా ఏళ్ల తరబడి సాగుతుంది. డిజిటల్ సంతకం విషయంలో ఆ వెసులుబాటు కూడా కరువవుతోంది.

ఎందుకంటే అది చేసే పని అత్యంత నిర్దాక్షిణ్యమైనది. పత్రం మొత్తాన్ని ఒక సూత్రంలో వేసి ఒక పొట్టి సంఖ్యగా కుదిస్తారు. ఆ సంఖ్యకు సంతకందారు దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవితో ముద్ర వేస్తారు. దానికి జోడుగా అందరికీ అందుబాటులో ఉండే మరో తాళంచెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పత్రంలో ఒక్క కామా జరిగినా సంఖ్య మారిపోతుంది, ముద్ర పగిలిపోతుంది. సంతకాలు అయ్యాక పదిహేడో పేజీని సున్నితంగా మార్చి, స్టేపుల్ పిన్ను అదే రంధ్రాలలో తిరిగి గుచ్చే కళ ఏమైపోవాలి? దానికి తోడు విశ్వసనీయ సంస్థ ఇచ్చే కాలముద్ర కూడా ఉంటే తేదీ వెనక్కి వేయడం కుదరదు. కిందటి నెలలోనే సంతకం అయినట్టు రాసుకునే స్వేచ్ఛ వ్యాపారానికి ఎంత ముఖ్యమో ఈ గణిత శాస్త్రవేత్తలు ఎన్నడైనా ఆలోచించారా? ఎలక్ట్రానిక్ సంతకాలు చేయించే కొన్ని ఆన్‌లైన్ వేదికలయితే పత్రాన్ని ఎన్ని గంటలకు తెరిచామో, ఎన్ని గంటలకు సంతకం చేశామో సెకన్లతో సహా నమోదు చేస్తాయి. నలభై పేజీల నిబంధనలను ‘క్షుణ్ణంగా చదివి, అర్థం చేసుకుని’ పదకొండు సెకన్లలో సంతకం చేసిన మేధావుల వివరాలు ఆ విధంగా శాశ్వతంగా భద్రమవుతున్నాయి. సిరా ఏనాడూ ఇలా చాడీలు చెప్పలేదు.

రహస్య తాళంచెవి యజమాని అధీనంలోనే ఉండాలని, దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవలసిన బాధ్యత ఆయనదేనని భారత చట్టం చెబుతుంది. ఆచరణలో ఆ చెవి ఉన్న యూఎస్‌బీ టోకెను అకౌంటెంటు సొరుగులో ఉంటుంది, దాని పిన్ నంబరు ఆ టోకెనుకే అంటించిన కాగితం ముక్క మీద ఉంటుంది. డైరెక్టరుగారు విమానంలో నిద్రపోతూ ఉండగానే ఆయన డిజిటల్ సంతకం మూడు పత్రాల మీద పడుతుంది. గణితం దృష్టిలో ఆ సంతకం నిష్కళంకం. దీన్ని చూపి ఎలక్ట్రానిక్ పద్ధతే నమ్మదగనిదని మేము వాదించబోతే, ఖాళీ లెటర్‌హెడ్‌ల మీద ముందుగానే సంతకాలు పెట్టి బీరువాలో దాచే అలవాటు ఎవరిదని ఎదురు ప్రశ్న వేశారు. అందుచేత ఆ వాదనను ప్రస్తుతానికి విరమించుకున్నాము. సంతకం చేసినవారికి కంపెనీ తరఫున చేసే అధికారం ఉందా అన్నది కూడా రెండు పద్ధతులకూ సమానంగా వర్తించే ప్రశ్నే కనుక దాని జోలికీ పోవడం లేదు.

మా ఆయుధాగారంలో మిగిలిన బలమైన అస్త్రం పసుపుపచ్చ ప్రశ్నార్థకం. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌ను తెరిస్తే కొన్నిసార్లు సంతకం మీద ఆ గుర్తు, పక్కన ‘వాలిడిటీ అన్‌నోన్’ అన్న మాట కనిపిస్తాయి. ఆ తాళంచెవి ఫలానావారిదని చెప్పే ధ్రువపత్రం జారీచేసిన సంస్థను మీ కంప్యూటరులోని ప్రోగ్రాం తన నమ్మకస్తుల జాబితాలో చేర్చుకోలేదని మాత్రమే దాని అర్థం. ఒకసారి చేర్చితే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. మేము చేర్చము. ఆ పత్రాన్ని ప్రశ్నార్థకంతో సహా ప్రింటు తీసి, దాని పైన సిరాతో సంతకం చేయించి తెమ్మంటాము. సరిచూసుకునే సౌకర్యమంతా ఫైలులోనే ఉంటుందని, కాగితం మీదికి వచ్చాక అది ఉత్త బొమ్మేనని ఎవరైనా అంటే, రూలు అంతే అంటాము. ఏ రూలో అడిగినవారు ఇంతవరకు లేరు.

చట్టం మాకు మిగిల్చిన కోటలు కొన్ని ఉన్నాయి. ఇంగ్లండులో సాక్షి అవసరమైన దస్తావేజులకు ఆ సాక్షి భౌతికంగా అక్కడే ఉండి చూడాలి. వీడియోలో తొంగి చూస్తే కుదరదు. భారత చట్టం వీలునామాను, ట్రస్టు పత్రాన్ని, చాలా రకాల ముక్త్యారునామాలను (పవర్ ఆఫ్ అటార్నీలను) ఎలక్ట్రానిక్ పద్ధతికి బయటే ఉంచింది. స్థిరాస్తి అమ్మకం ఒప్పందాలు కూడా ఆ జాబితాలో ఉండేవి కానీ, 2022 సెప్టెంబరు నాటి నోటిఫికేషనుతో ఆ కోట కూలింది. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను వేరే చట్టాల కింద నిలిచి ఉన్నాయి గనుక పూర్తిగా నేలమట్టం కాలేదని సరిపెట్టుకుంటున్నాము. అమెరికా జాతీయ చట్టం పక్కన పెట్టినవాటిలో ఇల్లు ఖాళీ చేయించే నోటీసులు, ప్రమాదకర పదార్థాలను తరలించేటప్పుడు వెంట ఉండవలసిన పత్రాలు, వీలునామాలు ఉన్నాయి. కాబట్టి జీవితాంతం సిరాకే కట్టుబడి ఉండదలచిన వ్యాపారులకు ఆ దేశంలో మేము చూపగలిగిన దారులు రెండే: విషరసాయనాల రవాణా, లేదా మరణం. రెండోది కూడా నెవాడాలో పనికిరాదని విన్నవారు నిరుత్సాహపడుతున్నారు. ఆ రాష్ట్రం 2001లోనే ఎలక్ట్రానిక్ వీలునామాలకు అనుమతి ఇచ్చేసింది.