దాత దొరికితేనే చదువా?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే జిల్లా పేజీల్లో ఆ వార్త తప్పదు. రేకుల ఇంటి ముందు ర్యాంకు కార్డు పట్టుకున్న అమ్మాయి, పక్కన కూలికెళ్లే తల్లి, కింద బ్యాంకు ఖాతా నంబరు. దాతలు ఆదుకోవాలట. రెండు రోజులాగితే ఇంకో ఫొటో వస్తుంది. తలుపంత ఫ్లెక్సీ చెక్కు, దాని వెనక దాత, ఎమ్మెల్యే, నలుగురు అనుచరులు. అమ్మాయి ముఖం సగమే కనిపిస్తుంది. అసలు ఆ ఫొటోలో ఎమ్మెల్యేకు ఏం పని? ఆ ఫీజు కట్టాల్సింది ఆయన ప్రభుత్వమే కదా!

పేద విద్యార్థి ఫీజు సర్కారే కడుతుందని 2008లో మాటిచ్చారు. ఆ తర్వాత పథకం పేర్లు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, రాష్ట్రమే రెండయింది. మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు, డబ్బు మాత్రం సమయానికి వేయడం లేదు. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు ఏకంగా బంద్‌కు దిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో పాపం మీదంటే మీదని పాత, కొత్త పాలకులు తిట్టుకుంటున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పినా, కాలేజీ కౌంటర్‌లో వినిపించేది ఒకటే: 'ముందు మీరు కట్టేయండి, గవర్నమెంటు డబ్బు పడ్డాక తిరిగిస్తాం.' ఉద్యోగంలో చేరాల్సిన తేదీ ముంచుకొస్తున్న కుర్రాడు ఏం చేస్తాడు? అప్పు చేస్తాడు, లేదా దాత కోసం తిరుగుతాడు.

దాతలను మేం తప్పుపట్టడం లేదు. వారాలు చేసుకుని చదివిన తరాలకు అన్నం పెట్టిన ఇళ్లున్న నేల ఇది. ఇవాళ పూర్వ విద్యార్థులు, విదేశాల్లోని తెలుగువారు చందాలేసుకుని ఫీజులు కడుతున్నారు, సంతోషం.

మా భయమల్లా ఇది ఆనవాయితీ అవుతుందనే. సర్కారు కట్టాల్సింది దాతే కడుతుంటే, రేపు బడ్జెట్‌లో ఆ పద్దు దేనికని ఆర్థికశాఖ అడగదా? 2025 ఉగాదికి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పీ-4 పథకంలో పేదల్ని ఆదుకునే సంపన్నుడు 'మార్గదర్శి', పేద ఇల్లు 'బంగారు కుటుంబం'. పేర్లు బాగానే ఉన్నాయి. మార్గదర్శి మనసు మారినా, వ్యాపారం దెబ్బతిన్నా ఆ ఇంటి పిల్లాడి రెండో ఏడాది ఫీజుకు పూచీ ఎవరిది? ప్రభుత్వం బకాయి పెడితే కలెక్టరేట్ ముందు కూర్చోవచ్చు, కోర్టుకెళ్లవచ్చు. దాత గేటు ముందు ధర్నా చేస్తారా? హక్కుగా రావాల్సిన దాన్ని దయగా మార్చేస్తే పేదవాడికి అడిగే నోరే ఉండదు.

పైగా దాతలు ఎవరికి దొరుకుతారు? ఐఐటీ సీటొచ్చిన పిల్లకు క్యూ కడతారు. అరవై వేల ర్యాంకుతో దగ్గర్లోని కాలేజీలో చేరే కుర్రాడి ఫొటో ఎవరేస్తారు? తెలంగాణలో పదివేల ర్యాంకు దాటిన బీసీ, ఈబీసీ విద్యార్థికి ఇంజినీరింగ్‌లో సర్కారిచ్చేది సాధారణంగా రూ.35 వేలే. మిగతాది తెచ్చుకోవడం అతని ఖర్మ. నిజానికి ఎక్కువ మంది పిల్లలు అతని లాంటివాళ్లే.

పరాయి డబ్బుతో ఇచ్చే చెక్కు పక్కన నిలబడి చప్పట్లు కొట్టించుకోవడానికి సిగ్గుండాలి. ఏ కాలేజీకి ఎంత బాకీ ఉన్నారో, ఏ తేదీకి కడతారో రెండు ప్రభుత్వాలూ ముందు ప్రకటించాలి. అంతదాకా మంత్రులు, ఎమ్మెల్యేలు ఆ వేదికలు ఎక్కకుండా ఉంటే అదే పదివేలు.